జాక్సన్ గాడు, జాకో, సైకిల్ షాపాయన

ఒరేయ్ శీనూ,

నువ్వు ఫోన్ ఎత్తవు, వాయిస్ మెసేజ్ పెడితే వినవు. అందుకే ఈ పొడుగు ఉత్తరం, తీరిగ్గా చదువు.

ఆదివారం పొద్దున మా పాప సాక్సులు వేసుకుని హాల్లో టైల్స్ మీద వెనక్కి జారుతోంది. స్కూల్ యానివర్సరీకి మైకేల్ జాక్సన్ పాట తీసుకున్నారట. అంతవరకు బానే ఉంది, క్లాసులో ఎవరో పిల్ల "ఆయన చెడ్డవాడు, మా అమ్మ ఆయన పాటలు పెట్టనివ్వదు" అందట. "నిజమేనా నాన్నా?" అని అడిగింది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను, కళ్ళు మండుతున్నాయని చెప్పి తప్పించుకున్నా. ఆ రోజంతా అదే బుర్రలో తిరిగింది రా.

మనకి జాక్సన్ అంటే ముందు చిరంజీవే కదా. 1985లో వచ్చిన 'దొంగ'లో గోలీమార్ పాట, సమాధుల్లోంచి శవాలు లేచి డాన్సు చేస్తుంటే అదంతా మనవాళ్ళ బుర్రే అనుకున్నాం. మీ అన్నయ్య జాక్సన్ 'థ్రిల్లర్' పాట వీడియో క్యాసెట్ తెచ్చి చూపించినా నువ్వు ఒప్పుకోలేదు, వీడే మనోణ్ణి కాపీ కొట్టాడని రెండు రోజులు వాదించావు. ఆ తర్వాత ఊళ్ళో కాస్త కాలు కదిపిన ప్రతివాడూ జాక్సన్ గాడే. ప్రభుదేవాని ఇండియన్ మైకేల్ జాక్సన్ అన్నారు, తిరనాళ్ళలో రికార్డింగ్ డాన్సు పెడితే ఒక జూనియర్ జాక్సన్ ఉండాల్సిందే.

అసలాయనకి 'కింగ్ ఆఫ్ పాప్' అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసా? జనం పెట్టింది అనుకుంటాం. 1989లో ఒక అవార్డు ఫంక్షన్లో హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ స్టేజీ మీద ఆయన్ని పాప్, రాక్, సోల్ సంగీతాలకి అసలైన రాజు అని పరిచయం చేసింది. దాన్ని పట్టుకుని ఆయన మనుషులు ఎక్కడ చూసినా అదే పేరు మోగించారు. మనకి ఇది కొత్తా చెప్పు? నిన్నటిదాకా సుప్రీం హీరో అన్న మనిషి 1988లో 'మరణమృదంగం' టైటిల్ కార్డు పడేసరికి మెగాస్టార్ అయిపోయాడు, మనం ఈలలు వేసి ఒప్పేసుకున్నాం. బిరుదు ఆకాశంలోంచి ఊడిపడదు, ఎవరో ఒకరు వేయించాలి. కాకపోతే మోసేవాడికి భుజం ఉండాలి. జాక్సన్‌కి ఉంది. 1983లో మోటౌన్ అనే పాటల రికార్డుల కంపెనీ పాతికేళ్ళ పండగ ప్రోగ్రాంలో బిల్లీ జీన్ పాట మధ్యలో వెనక్కి జారతాడు చూడు, అది మొత్తం రెండు మూడు సెకన్లు. ఆ స్టెప్పు ఆయన కనిపెట్టింది కూడా కాదు, అంతకు ముందే వేసేవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. అయినా నిన్న పాపతో కలిసి మళ్ళీ చూశా, ప్యాంటు పొట్టిగా, తెల్ల సాక్సులు మెరుస్తూ, కాళ్ళ కింద నేల ఎవరో లాగేస్తున్నట్టు ఉంది. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మరుసటి ఏడాది ఒక్క రాత్రిలో ఎనిమిది గ్రామీ సంగీత అవార్డులు.

రెండో పేరు బ్రిటన్ చిల్లర పత్రికలు పెట్టింది, 'వాకో జాకో'. పిచ్చి జాకో అన్నట్టు. 1986లో ఆయన గాజు పెట్టెలో పడుకున్న ఫోటో ఒకటి వచ్చింది, నూట యాభై ఏళ్ళు బతకడానికి ఆక్సిజన్ పెట్టెలో నిద్రపోతాడని కథ. తమాషా ఏంటంటే ఆ కథని ఆయన, ఆయన మేనేజరే బయటకి వదిలారని తర్వాత చాలామంది రాశారు. ఎలిఫెంట్ మ్యాన్ అని పిలిచేవాళ్ళే, జబ్బుతో ఒళ్ళు వికారమైపోయిన పాతకాలపు ఇంగ్లీషాయన, ఆయన అస్థిపంజరం కొంటాడని ఇంకో వార్త. ఇంట్లో బబుల్స్ అనే చింపాంజీ ఉన్న మాట మాత్రం నిజమే. మొదట్లో పబ్లిసిటీ కదా అని ముచ్చటపడ్డట్టున్నాడు, తర్వాత ఆ మంట ఆర్పడం ఆయన వల్ల కాలేదు. 1997లో ఒక ఇంటర్వ్యూలో బార్బరా వాల్టర్స్‌తో "నేను జాకో కాదు, జాక్సన్ని" అంటాడు చూడు, ఆ ముఖం చూస్తే కోట్ల రికార్డులు అమ్ముకున్న స్టార్ లాగా లేడు, క్లాసులో అందరూ ఏడిపిస్తే మాస్టారితో చెప్పుకునే పిల్లాడిలా ఉన్నాడు. చిన్నప్పుడు ఇంట్లోనే నాన్న ముక్కు పెద్దదని వెక్కిరించేవాడట. ఆ ముక్కుని చివరికి ఏం చేసుకున్నాడో లోకమంతా చూసింది.

ఇంక రంగు సంగతి. తెల్లవాళ్ళలా కనబడాలని చర్మం మార్పించుకున్నాడని మనమూ అన్నాం, టీ కొట్టు దగ్గర నేనే ఎన్నిసార్లు అన్నానో. 1993 ఫిబ్రవరిలో అమెరికా టీవీ యాంకర్ ఓప్రా అడిగితే అది జబ్బు అని చెప్పాడు. విటిలైగో, మన బొల్లి. ఎవరూ నమ్మలేదు. 2009 జూన్ 25న చనిపోయాక పోస్ట్‌మార్టం రిపోర్టులో అదే ఉంది. మరి మన వీధి చివర సైకిల్ షాపాయన గుర్తున్నాడా? చేతులకి, మెడకి తెల్ల మచ్చలు. పంక్చర్ వేయించుకుని పది అడుగులు దాటగానే "జాక్సన్ బాబాయ్" అని అరిచి పరిగెత్తేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కూడా. ఎండాకాలంలో సైతం నిండు చేతుల చొక్కా ఎందుకు వేసుకునేవాడో అప్పుడు నాకు తట్టలేదు.

ఇదంతా చెప్పి ఆయన్ని కడిగిన ముత్యం చేస్తున్నానని అనుకోకు. రంగు విషయంలో పొరపాటు పడ్డాం కాబట్టి మిగతావన్నీ పుకార్లే అంటే ఎలా? 1993లో పదమూడేళ్ళ పిల్లాడి మీద లైంగిక వేధింపుల ఆరోపణ, మరుసటి ఏడాది కోట్ల డాలర్లిచ్చి కోర్టు బయట రాజీ. 2003లో టీవీ డాక్యుమెంటరీలో కూర్చుని, వేరేవాళ్ళ పిల్లలతో మంచం పంచుకోవడంలో తప్పేముందని తనే అన్నాడు. ఆ తర్వాత అరెస్టు, 2005 జూన్‌లో జ్యూరీ పద్నాలుగు అభియోగాల్లోనూ నిర్దోషి అని తేల్చింది. 2019లో ఇంకో డాక్యుమెంటరీ, చిన్నప్పుడు మాకు అన్యాయం చేశాడని ఇద్దరు మగవాళ్ళు చెప్పారు. వాళ్ళలో ఒకతను 2005లో కోర్టులో ఆయన తరఫున సాక్ష్యం చెప్పినవాడే. కుటుంబం అంతా అబద్ధమంటోంది. నేను జడ్జిని కాదు. కానీ ఆడపిల్ల తండ్రిగా ఒకటి అడుగుతా, నువ్వైతే మీవాణ్ణి ఆ ఇంట్లో ఒక రాత్రి ఉంచుతావా? నేను ఉంచను. మరి ఆ పాట ఆపేస్తావా అంటే, అదీ చేతకాలేదు రా. రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ హమ్ చేస్తున్నా.

పాపకి చివరికి ఏం చెప్పానంటే, గొప్పగా డాన్సు చేసేవాడు, పిల్లల విషయంలో ఆయన మీద చాలా పెద్ద ఆరోపణలున్నాయి, పెద్దయ్యాక నువ్వే చదువుకో అన్నా. "అంటే మంచివాడా కాదా?" అంది మళ్ళీ. దానికి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. పాట మార్చమని మాత్రం చెప్పలేదు, మార్చాలంటావా? మీ ఆవిడ టీచరు కదా, అడిగి చెప్పు.

ఇంకో పని. నువ్వు సంక్రాంతికి ఊరు వెళ్తావుగా. ఆ సైకిల్ షాపు ఇప్పుడు లేదని అమ్మ చెప్పింది, ఆయన కొడుకు బస్టాండు దగ్గర ఎక్కడో ఉంటున్నాడట. ఆయన అసలు పేరేంటో కనుక్కోరా. రెండు రోజులుగా గుర్తు చేసుకుంటున్నా, జాక్సన్ అన్న పేరు తప్ప ఇంకోటి రావట్లేదు.

ఇట్లు
నీ రాజు