మా గ్రంథాలయంలో తెర నిలువుగా తిరిగింది, టచ్ కూడా కుదిరింది: అందరికీ కృతజ్ఞతలు

మా ఊరి గ్రంథాలయంలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించిన టచ్ మానిటర్‌ను నిలువుగా తిప్పాలి, సాయం చేయండని అడగగానే స్పందించిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పని పూర్తయింది. ఇప్పుడు పిల్లలు దాని మీదే ఉద్యోగ నోటిఫికేషన్లు చదువుకుంటున్నారు.

నిలువుగానే ఎందుకని కొందరు అడిగారు. ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో చదువుతున్నవాళ్లే. నోటిఫికేషన్లన్నీ ఏ4 పీడీఎఫ్‌లు. మానిటర్ అడ్డంగా ఉంటే ఆ పేజీ మొత్తం 1080 పిక్సెళ్ల ఎత్తులో ఇమడాలి, అప్పుడు వెడల్పు 764 దగ్గరే ఆగిపోతుంది. నిలువుగా పెడితే 1080 వెడల్పూ పేజీకే దక్కుతుంది. ఖాళీల పట్టికలో రోస్టర్ పాయింట్లు (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికో చెప్పే వరుస సంఖ్యలు) వెతుక్కునేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

గోడకు బిగించిన మేస్త్రీ గారికి ముందుగా నమస్కారం. వెనక స్క్రూ రంధ్రాలు 100 మిల్లీమీటర్ల చదరంలో ఉంటాయి కాబట్టి ఎటు తిప్పినా అదే బ్రాకెట్ సరిపోయింది.

అసలు చిక్కు ఆ తర్వాతే. కాన్ఫిగ్ ఫైల్లో డిస్‌ప్లే రొటేట్ అని రాసే పాత పద్ధతి ఇప్పుడు ఎందుకు పనిచేయదో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మన తమ్ముడొకరు ఫోన్‌లో ఓపిగ్గా చెప్పారు. ఆ వరుసను చదివేది ఫర్మ్‌వేర్, అంటే బోర్డును మొదట లేపే సాఫ్ట్‌వేర్. కేఎంఎస్ అనే కొత్త డిస్‌ప్లే డ్రైవర్ వచ్చాక తెరను నడిపేది లినక్స్ కెర్నెలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), ఫర్మ్‌వేర్ మాట అక్కడ చెల్లదు. మాది ఎక్స్11 అనే పాత తరహా డిస్‌ప్లే వ్యవస్థ మీద నడిచే డెస్క్‌టాప్ కాబట్టి, తెరను తిప్పే ఎక్స్‌రాండర్ అనే కమాండ్‌తో బొమ్మను కుడివైపుకు తిప్పించారు. అది వెంటనే నిలబడింది.

టచ్ మాత్రం పాత దారిలోనే ఉండిపోయింది. పైన కుడి మూలన ఉన్న, కిటికీని మూసే ఇంటూ గుర్తును ముట్టుకుంటే క్లిక్ కింద కుడి మూలన పడేది. వేలు పైకి జరిపితే బాణం పక్కకు పోయేది. బొమ్మ హెచ్‌డీఎంఐ తీగలో వెళ్తుంది, టచ్ యూఎస్‌బీ తీగలో వేరే పరికరంగా వస్తుంది, కాబట్టి ఒకటి తిరిగిన సంగతి రెండోదానికి తెలియదు. తమ్ముడు ఇచ్చిన మందు ఆరు అంకెలు: 0 1 0 -1 0 1. పరికరాలకు సెట్టింగులు పెట్టే యూడెవ్ రూల్ ఫైల్లో వాటిని లిబ్‌ఇన్‌పుట్ (టచ్‌ను చూసుకునే సాఫ్ట్‌వేర్) కాలిబ్రేషన్ మ్యాట్రిక్స్‌గా రాసి రీబూట్ చేయించారు. వేలు పెట్టిన చోటే క్లిక్ పడింది.

అంతటితో ఫోన్ పెట్టేయలేదు, అందుకే ఆయనకు ఎక్కువ రుణపడ్డాను. ప్రతి అంకె ఏం చేస్తుందో కాగితం మీద గీయించి మరీ చెప్పారు. తెర ఒక అంచు 0, అవతలి అంచు 1 అనుకుంటే, మొదటి మూడు అంకెలు కొత్త అడ్డం కొలతను పాత నిలువు నుంచి తీసుకోమంటాయి. తర్వాతి మూడు, కొత్త నిలువు కొలత కోసం 1లోంచి పాత అడ్డాన్ని తీసేయమంటాయి. మా లైబ్రేరియన్ గారు పక్కనే కూర్చుని ఇదంతా రాసుకున్నారు. రేపు మానిటర్ మారినా మళ్లీ ఎవరినీ పిలవనక్కర్లేదు.

బూట్ అయ్యేటప్పుడు అక్షరాలు ఇంకా అడ్డంగానే వస్తున్నాయి. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కు సూచనలిచ్చే కమాండ్‌లైన్ ఫైల్లో ఎఫ్‌బీకాన్ (అక్షరాల తెర) రొటేట్ 1 కలిపితే అవీ సర్దుకుంటాయని ఇంకో అన్న రాశారు. ఆ ఫైలంతా ఒకే వరుసలో ఉండాలి, మధ్యలో ఎంటర్ కొట్టకూడదని హెచ్చరించినందుకు ఆయనకు ప్రత్యేకంగా థ్యాంక్స్. ఆదివారం ఆ పని చూస్తాం.

ఇదే అవస్థలో ఎవరైనా ఉంటే, ఎక్స్‌రాండర్‌తో బొమ్మను ఎడమకు తిప్పినవాళ్లు 0 -1 1 1 0 0 పెట్టుకోండి, తలకిందులుగా బిగించినవాళ్లకు -1 0 1 0 -1 1. తమ్ముడూ, సంక్రాంతికి ఇటువైపు వస్తే గ్రంథాలయానికి తప్పకుండా రండి. పిల్లలు మిమ్మల్ని చూడాలంటున్నారు.