అన్నిటికీ ‘హ్యాక్’ అనే రాయవద్దు

సంపాదకులకు నమస్కారం.

సైబర్ నేరాల వార్తలకు మీ పత్రిక ప్రాధాన్యం ఇవ్వడం సంతోషకరం. కానీ నేరం ఏ తీరుదైనా శీర్షికలో ‘హ్యాక్’ అనే వేయడం వల్ల బాధితులకే నష్టం జరుగుతున్నదని, ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరులో కూర్చున్న అనుభవంతో మనవి చేస్తున్నాను.

గీసుగొండ వైపు ఉండే మా బంధువైన ఒక రైతుకు, పోయిన పెళ్లిళ్ల కాలంలో తెలిసినవారి వాట్సాప్ నుంచి శుభలేఖ వచ్చింది. అది ఫొటో కాదు, పేరు చివర ‘ఏపీకే’ అని ఉన్న ఫైలు. నొక్కగానే యాప్‌గా ఫోనులో చేరి, మెసేజీలు చదవడానికి అనుమతి అడిగితే ఆయన సరే అన్నారు. ఓటీపీలు నేరుగా దొంగలకు చేరాయి. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మగా వచ్చిన డబ్బు ఆ రాత్రే పోయింది. తెల్లారి ఆయన, పేపర్లో చదివిన మాటే కదా అని, ‘నా అకౌంటు హ్యాక్ అయింది’ అని దరఖాస్తు రాసిస్తే, తమ సర్వరును ఎవరూ హ్యాక్ చేయలేదంటూ బ్యాంకువారు తిప్పి పంపారు. ఆయన నా దగ్గరికి వచ్చి, జరిగింది జరిగినట్టు మళ్లీ రాయించుకునేసరికి వారం గడిచిపోయింది.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాని మోసాన్ని, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే ఖాతాదారుపై భారం పడదు. పాస్‌వర్డు వంటివి తానే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా ఆయన భరించవలసిందే. డబ్బు ఏ దారిన పోయిందన్నదానికి అంత విలువ ఉన్నది.

నకిలీ లింకుతో పాస్‌వర్డు రాబట్టడం ఫిషింగ్, పైన చెప్పిన దొంగ యాప్ మాల్వేర్. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై జరిగినది ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ దాడి. అక్కడి సిబ్బంది రోజుల తరబడి అన్నీ చేతితో రాసుకోవలసి వచ్చింది. ఒక్కసారిగా లెక్కలేనన్ని అభ్యర్థనలు పంపి వెబ్‌సైటును స్తంభింపజేసే డీడాస్‌లో సమాచారం చోరీ కావాలని లేదు, దాన్నీ హ్యాక్ అంటే జనం అకారణంగా బెంబేలెత్తుతారు.

ఈ పేర్లు వాడుతూ, పక్కన ఒక్క వాక్యంలో తెలుగులో వివరించి, చివర సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 ఫోన్ నంబరు వేయండి. దాడి ఎలా జరిగిందో ఆ పూటకు తేలకపోతే ‘ఖాతాలో డబ్బు మాయం’ అన్నా చాలు, తేలిన రోజున సరైన పేరుతో మళ్లీ రాయవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ