స్మారక హాలు గురించి కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం. మూడు అర్జీలిచ్చాం, రసీదులు తప్ప జవాబు రాలేదు, అందుకే ఊరందరి ముందూ రాస్తున్నాను. 1952లో 58 రోజుల నిరాహార దీక్షతో ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములు గారి పేరు 2008లో మన నెల్లూరు జిల్లాకే పెట్టుకున్నాం, ఆయన పేరున్న ఈ హాలు మాత్రం కారుతోంది. దీని కప్పు మద్రాసు టెర్రస్ అనే పాత పద్ధతిది: టేకు దూలాలు, వాటి మీద నిలబెట్టి పేర్చిన ఇటుకలు, సున్నం. హాలు సున్నపు గోడలకు మీవాళ్లు సిమెంటు పూశారు. చెమ్మ బయటికి పోలేక పెచ్చులూడుతున్నాయి. మొన్న హాల్లో పేపరు చదువుకుంటున్న మా పెదనాన్న భుజం మీద ఇటుక పడింది. పోటీ పరీక్షల పిల్లలు ఇక్కడ కూర్చోలేక బస్టాండు లైటు కింద చదువుతున్నారు (అక్కడి దోమల సంగతి మీకు చెప్పక్కర్లేదు). కూలగొట్టి షాపులు కడతారని వింటున్నాం. వద్దండి. అక్టోబరు వానలు రాకముందే సున్నం పని తెలిసిన మేస్త్రీలతో కప్పు బాగుచేయించండి, పని ఎప్పుడు మొదలుపెడతారో రాసివ్వండి.