కీబోర్డు కొసరు వస్తువు కాదు

సంపాదకులకు నమస్కారం.

కళాశాలలు తెరిచే రోజుల్లోనూ, దసరా, దీపావళి అమ్మకాల సమయంలోనూ కంప్యూటర్ కొనేవారికి సూచనలంటూ తెలుగు పత్రికల్లో వ్యాసాలు వస్తుంటాయి. వాటిలో ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి, తెర నాణ్యత గురించి కావలసినంత వివరం ఉంటుంది గానీ, పొద్దస్తమానం వేళ్లు ఆనే కీబోర్డు గురించి ఒక్క వాక్యం కూడా కనిపించదు. దుకాణాల్లోనూ అంతే, బేరం తేలిన తర్వాత కొసరుగా ఒక కీబోర్డు, ఒక మౌస్ కలిపి ఇచ్చి పంపిస్తారు. పుస్తకాల కంపోజింగే జీవనాధారమైన నాలాంటివారికీ, దస్తావేజు లేఖరులకూ, కోర్టుల దగ్గర టైపు చేసేవారికీ, సచివాలయాల్లోని డిజిటల్ అసిస్టెంట్లకూ, మీ కార్యాలయంలోని సబ్ ఎడిటర్లకూ కీబోర్డే పనిముట్టు. పనిముట్టును కొసరుగా తీసుకోవడం మరే వృత్తిలోనైనా ఉన్నదా అన్నది నా ప్రశ్న.

కొసరుగా వచ్చే కీబోర్డులు దాదాపు అన్నీ మెంబ్రేన్ రకానివి. వాటిలో మీటల కింద రబ్బరు బుడిపెలు, ఆ బుడిపెల కింద విద్యుత్ గీతలు అచ్చువేసిన పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. మీట పూర్తిగా అడుగంటితే తప్ప అక్షరం పడదు కాబట్టి, ప్రతి అక్షరానికీ వేలి కొన గట్టి నేలను తాకి తీరాల్సిందే. రోజుకు నాలుగు ఉత్తరాలు కొట్టేవారికి ఇది పెద్ద విషయం కాదు, వారికి ఆ కీబోర్డే చాలు. రోజంతా కొట్టేవారికి మాత్రం సాయంత్రానికి వేళ్ల కణుపులు నొప్పి పుడతాయి. పైగా ఎక్కువగా వాడే మీటల కింద రబ్బరు త్వరగా నీరసించి, తక్కువగా వాడే మీటల కింద బిగువుగానే ఉండటంతో ఒకే కీబోర్డు మీద ఒక్కో మీటకు ఒక్కో బలం పెట్టవలసి వస్తుంది. తప్పులు పెరిగేది ఇక్కడే.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్, దానిలో ఒక స్ప్రింగు ఉంటాయి. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్‌నే నేటికీ చాలా సంస్థలు నమూనాగా తీసుకుంటున్నాయి. అందులో మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది గానీ, సుమారు 2 మిల్లీమీటర్లు దిగేసరికే అక్షరం పడుతుంది. అడుగంటా కొట్టనవసరం లేదని చేతికి ఒకసారి అలవాటైతే శ్రమ ఎంత తగ్గుతుందో వాడినవారికే తెలుస్తుంది. మన్నిక విషయానికొస్తే, మెంబ్రేన్ మీటకు సాధారణంగా 50 లక్షల నుంచి కోటి నొక్కుల వరకు ఆయుష్షు చెబుతారు. మంచి మెకానికల్ స్విచ్‌కు 5 కోట్లు, కొన్నింటికి 10 కోట్లు చెబుతారు. రోజుకు 40 వేల నొక్కుల చొప్పున ఏడాదికి 300 రోజులు పనిచేస్తే కోటీ 20 లక్షల నొక్కులవుతాయి. అందులో పదో వంతు ఒక్క మీట మీదే పడుతుందనుకుంటే దాని వాటా ఏడాదికి 12 లక్షలు. 50 లక్షల మీట కాగితం మీద నాలుగేళ్లు వస్తుందన్నమాట. రబ్బరు బిగువు సడలడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఐబీఎం సంస్థ 1985లో తెచ్చిన స్ప్రింగు కీబోర్డు, మోడల్ ఎం, నేటికీ కొందరి బల్లల మీద పనిచేస్తూనే ఉంది. ఒక్కసారి సరైనది కొంటే కంప్యూటర్లు రెండు మూడు మారినా కీబోర్డు మారనవసరం లేదని చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇంతవరకూ ఏ భాషవారికైనా వర్తించే మాటలే. తెలుగు టైపు చేసేవారు ప్రత్యేకంగా చూసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ రాయకపోవడం వల్లనే నేను కలం పట్టాను. కీబోర్డు సమీక్షలన్నీ ఇంగ్లీషు టైపింగును దృష్టిలో పెట్టుకుని రాసినవే. మన భాషలో భారం వేరే మీటల మీద పడుతుంది. ఏ మీట మీద ఏ అక్షరం ఉండాలో భారతీయ భాషలకు ప్రభుత్వం ప్రమాణంగా నిర్ణయించిన అమరికే ఇన్‌స్క్రిప్ట్. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. దీర్ఘం ఇంగ్లీషు ఇ (E) మీట మీద, గుడి ఎఫ్ మీద, కొమ్ము జి మీద, పొల్లు డి మీద ఉంటాయి. ఒత్తు కావాలంటే ముందు హల్లు, తర్వాత పొల్లు, ఆపై మరో హల్లు కొట్టాలి. ‘ప్రభుత్వం’ అనే మూడక్షరాల మాటనే తీసుకోండి. దానికి 9 మీటలు నొక్కాలి. వాటిలో రెండు డి మీదే పడతాయి, ‘భ’ కోసం షిఫ్ట్ కూడా పట్టుకోవాలి. ఒత్తులు లేని తెలుగు వాక్యం అరుదు కనుక ఇన్‌స్క్రిప్ట్ వాడేవారి కీబోర్డులో ముందుగా నున్నబడేది, ముందుగా మొరాయించేది ఈ డి మీటే. రోమన్ అక్షరాలతో తెలుగు కొట్టేవారికైతే ఈ భారమంతా ఎ (A) మీట మీద, అంటే చేతిలోకెల్లా బలహీనమైన ఎడమ చిటికెన వేలి మీద పడుతుంది. డీటీపీ కేంద్రాల్లో ఏళ్లుగా వాడుతున్న ఆపిల్, మాడ్యులర్ అనే తెలుగు అమరికల్లో ఈ లెక్క మరో రకంగా ఉంటుంది. ఏ అమరికైనా షిఫ్ట్ లేకుండా మాత్రం తెలుగు పేజీ పూర్తి కాదు.

అందుకే కొనబోయే కీబోర్డులో అన్నిటికంటే ముందు ఎడమ షిఫ్ట్ మీటను చూడమని నా మనవి. స్పేస్ బార్, ఎంటర్, షిఫ్ట్ వంటి పొడవాటి మీటల కింద అవి ఒకవైపుకు ఒరగకుండా సన్నని తీగ ఒకటి ఉంటుంది. నాసిరకం కీబోర్డులో ఆ తీగ బిగుసుకుపోయి, మీట మధ్యలో నొక్కితే చక్కగా దిగి, చివర నొక్కితే ఇరుక్కుంటుంది. చిటికెన వేలు తగిలేది చివరనే కాబట్టి, దుకాణంలో షిఫ్ట్‌ను రెండు కొసల దగ్గరా నొక్కి చూడాలి. స్పేస్ బార్‌నూ అలాగే చూడాలి. బ్రిటన్ పద్ధతి కీబోర్డుల్లో ఎడమ షిఫ్ట్ పొట్టిగా ఉండి, దాని పక్కన అదనంగా ఒక మీట ఉంటుంది. విదేశాల నుంచి వచ్చిన పాత కీబోర్డులు చవగ్గా దొరికినా, తెలుగు కొట్టేవారు ఈ రకం తీసుకోకపోవడమే మంచిది.

స్విచ్‌లకు రంగుల పేర్లుంటాయి. నీలం రంగువి టకటక చప్పుడు చేస్తాయి. బ్యాంకు కౌంటర్ల మీద, డీటీపీ కేంద్రాల్లో విరివిగా కనిపించే టీవీఎస్ గోల్డ్ కీబోర్డు చప్పుడు ఈ తరహాదే. టైపురైటర్ మీద నేర్చుకున్నవారికి ఆ చప్పుడు తోడుగా ఉంటుంది గానీ, నలుగురు ఆపరేటర్లు కూర్చున్న గదిలో అది తలనొప్పి. గోధుమ రంగు స్విచ్‌లో అక్షరం పడిన క్షణం వేలికి చిన్న అడ్డుగా తెలుస్తుంది, చప్పుడు తక్కువ. ఎరుపు స్విచ్ ఏ అడ్డూ లేకుండా దిగుతుంది, దానికి సుమారు 45 గ్రాముల బలం చాలు. నా దృష్టిలో తెలుగుకు గోధుమ రంగే మేలు. చిటికెన వేలు నొప్పి ఉన్నవారు మాత్రం ఎరుపును వాడి చూడాలి. పెట్టె మీద ‘మెకానికల్ ఫీల్’ అని రాసి లోపల రబ్బరే పెట్టిన రంగుదీపాల కీబోర్డులు బజారులో చాలా ఉన్నాయి. స్విచ్ పేరు స్పష్టంగా రాయని పెట్టెను నమ్మకూడదు. స్విచ్‌లను ఊడదీసి మార్చుకునే వీలున్న రకం దొరికితే, డి మీట పాడైనా ఆ ఒక్క స్విచ్ మారిస్తే సరిపోతుంది. కీబోర్డును కంప్యూటర్‌కు కలిపే తీగ కూడా ఊడదీసేదిగా ఉంటే మరీ మంచిది, ఎందుకంటే చాలా కీబోర్డులు తీగ మొదట్లో తెగే మూలపడతాయి. ఇక మీటల టోపీలు పీబీటీ ప్లాస్టిక్‌వైతే ఏబీఎస్ వాటిలా త్వరగా నున్నబడవు. మెకానికల్‌కు ఒక లోపం కూడా ఉంది: చక్కెర వేసిన టీ ఒలికితే స్విచ్‌లు జిగటబారి పట్టేస్తాయి, ఈ విషయంలో మెంబ్రేనే కాస్త తట్టుకుంటుంది.

ఎంత మంచి కీబోర్డైనా బల్ల ఎత్తు సరిగా లేకపోతే చేతికి సుఖం ఉండదు. మన కార్యాలయాల బల్లలు సాధారణంగా 30 అంగుళాల ఎత్తువి. రాయడానికి అవి సరిపోతాయి గానీ, టైపు చేయడానికి చాలామందికి ఎక్కువే. మోచేయి, మణికట్టు ఒకే వరుసలో ఉండేలా కీబోర్డును కింది అరలోనైనా పెట్టుకోవాలి, కుర్చీనైనా పైకి లేపి కాళ్ల కింద పీట వేసుకోవాలి. కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్లను తెరిచి పెట్టడం అందరికీ అలవాటు. అలా చేస్తే మణికట్టు పైకి వంగి, దాని గుండా వెళ్లే నరం మీద ఒత్తిడి పడుతుంది, కనుక వాటిని మడిచే ఉంచాలి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే కీబోర్డు మార్చి ఊరుకోకుండా వైద్యులకు చూపించుకోవాలి. ల్యాప్‌టాప్ మీద రోజంతా పనిచేసేవారు విడి కీబోర్డు తగిలించుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

మెంబ్రేన్ కీబోర్డు సుమారు 500 రూపాయలకు దొరికితే, పనికొచ్చే మెకానికల్ కీబోర్డు సుమారు 2,500 నుంచి 4,000 రూపాయల మధ్య ఉంటుంది. కంప్యూటర్ ధరలో ఇది చిన్న భాగమే. కాబట్టి ప్రభుత్వ శాఖలు, ప్రచురణ సంస్థలు టైపింగ్ సిబ్బంది కోసం కంప్యూటర్లు కొనేటప్పుడు కీబోర్డును విడి వస్తువుగా, స్విచ్ రకంతో సహా ఇండెంట్‌లో రాయాలనీ, రాసేముందు ఆ కుర్చీలో కూర్చునే ఉద్యోగిని ఒక్కమాట అడగాలనీ కోరుతున్నాను. దుకాణదారులు కంప్యూటర్‌కు తగిలించిన రెండు మూడు కీబోర్డులను బల్ల మీద ఉంచి, కొనేవారు ఒక పేరా తెలుగు కొట్టి చూసుకోనివ్వాలి. మీ పత్రిక సాంకేతిక పేజీలో కీబోర్డులను సమీక్షించేటప్పుడు కూడా తెలుగు కొట్టి చూసే సమీక్షించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక డీటీపీ ఆపరేటర్,
విజయవాడ