బోర్డు ముందు "ఠీక్ హై" అనకు

పర్లాకిమిడి

చిరంజీవి సూర్యానికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మిలిటరీలో నీ మణికట్టు దెబ్బకి వైకల్య పెన్షన్ వస్తుందో లేదో తేల్చే మెడికల్ బోర్డుకి తేదీ ఇచ్చారని కోడలు చెప్పింది. "ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు" అన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో అయితే సగం వినకుండానే సరే సరే అని పెట్టేస్తావు.

యూనిట్లో క్లర్కుగా ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను. డాక్టరు "కైసే హో" అంటాడు. మన జవాను ఛాతీ విరిచి "ఠీక్ హై సాబ్" అంటాడు. పరేడ్ గ్రౌండులో అది బాగానే ఉంటుంది గానీ బోర్డు ముందు కొంప ముంచుతుంది. దసరాకి వచ్చినప్పుడు నువ్వు అన్నం తినడం చూశాను. మణికట్టు వంగక, మోచెయ్యి చెవిదాకా ఎత్తి, భుజం తిప్పి ముద్ద నోట్లో పెట్టుకున్నావు. పప్పు చొక్కా మీద పడింది. బోర్డుకి చెప్పాల్సింది అదే. తాళం తిప్పలేనని చెప్పు, నీళ్ల బిందె పట్టుకుంటే వేళ్లు వదిలేస్తాయని చెప్పు. కోణం కొలిచే స్కేలు పెట్టి చెయ్యి వంచమన్నప్పుడు నొప్పి ఎక్కడ మొదలైతే అక్కడే ఆగి ఆ సంగతి చెప్పు. పళ్లు బిగబట్టి ఇంకో పది డిగ్రీలు వంచితే ఆ పది డిగ్రీలే కాగితం మీదికి ఎక్కుతాయి.

ఇక అసలు చిక్కు. రేషన్ లారీ మీంచి జారి అరచెయ్యి ఆనించి పడ్డ రోజున నీ సిక్ రిపోర్టులో "బెణుకు" అనే రాశారు. విరిగింది స్కాఫాయిడ్ అని చాలా తర్వాత తేలింది. అది మణికట్టులో జీడిపప్పంత ఎముక. విరిగిన కొత్తలో ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలేనట. దానికి రక్తం వేళ్ల వైపు నుంచి వస్తుంది కాబట్టి, విరిగితే ముంజేతి వైపు ముక్కకి రక్తం అందక ఒక్కోసారి అతుక్కోదు. అలా వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ కీలు అరిగిపోతుంది. కాబట్టి మొదటి చీటీలో బెణుకు అని ఉందని దాన్ని దాచకు. అదే మనకి ఆధారం. ఆ చీటీ, డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలిందని సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసరు) సంతకం పెట్టిన ఐఏఎఫ్‌వై-2006 ఫారం, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (యూనిట్ విచారణ) కాగితాలు, తర్వాతి ఎక్స్‌రేలు తేదీల వరసలో పెట్టి బోర్డుకి చూపించు. నువ్వు రాసే స్టేట్‌మెంట్‌లో కూడా తేదీ, చోటు అవే ఉండాలి. చేరకముందు ఏమైనా దెబ్బ ఉందా అని అడిగితే లేదని గట్టిగా చెప్పు. భర్తీ మెడికల్‌లో నీ చేతికి ఏ లోపమూ రాయలేదు.

వైకల్యం శాతం దగ్గర తొందరపడి సంతోషించకు, నిరాశా పడకు. సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో బోర్డు రాయాలి. ఆపైన కనీసం 20 శాతం ఉండాలి. నీలా బోర్డు చేసి ఇంటికి పంపేసే వాళ్లకి 50 లోపు ఎంత రాసినా 50గా లెక్కేస్తారు, 50 నుంచి 75 వరకు 75, ఆపైన 100. వందకి వంద శాతం వైకల్యం అయితే చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. 50కి అందులో సగం. జీతం 40,000 అనుకుంటే నెలకి 6,000, డీఆర్ (కరువు భత్యం) వేరే. చేసిన సర్వీసుకిచ్చే సర్వీస్ ఎలిమెంట్ ఇది కాక వస్తుంది. సర్వీసుతో సంబంధం లేదని రాస్తే మాత్రం ఇదంతా గాల్లో కలిసిపోతుంది. అలా రాస్తే ఆరు నెలల్లోపు అప్పీలు చేద్దాం. అక్కడా కాదంటే సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్ ఉంది. మనది ఒడిశా కాబట్టి కోల్‌కతా బెంచికి వెళ్లాలి. పక్కనే ఆంధ్రాలోని పాతపట్నంలో ఇల్లు కట్టుకుని ఉంటే చెన్నై బెంచి అయ్యేది. తాతగారు ఇటువైపు స్థలం కొన్నారు మరి, ఏం చేస్తాం!

ఇంకో తలనొప్పి నీ పేరు. ఇక్కడి స్కూలు సర్టిఫికెట్లో ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర రాశారు. ఆధార్‌లో ముందుంది. డిశ్చార్జి బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడింట్లో ఒకేలా లేకపోతే మిలిటరీ పెన్షన్లిచ్చే ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో పెన్షన్ చిక్కుకుంటుంది. ఇంటికి రాకముందే రికార్డ్ ఆఫీసులో సరిచేయించు. సంతకం కూడా మారిపోయింది కదా, బ్యాంకులో కొత్త నమూనా ఇచ్చెయ్యి.

"కాళ్లూ చేతులూ ఉన్నవాడికి వికలాంగుల పెన్షనేమిటి" అని మీ మావయ్య అన్నాడని బాధపడ్డావట. ఆయన బజారుకి వెళ్లాలన్నా ఆటో ఎక్కుతాడు. వదిలెయ్.

బోర్డు అయ్యాక ప్రొసీడింగ్స్ కాపీ అడిగి తీసుకో. ప్రతి పేజీ ఫోటో తీసి రాత్రికే వాట్సాప్‌లో పెట్టు, నేను చదివి చెబుతాను. పలాసలో దిగగానే ఫోన్ చెయ్యి, పెట్టె మోయడానికి తమ్ముణ్ణి పంపిస్తాను.

ఆశీస్సులతో,
నాన్న