చివరి మాట వినిపించేలా చేసిన అందరికీ కృతజ్ఞతలు

నవ్వించే పాటలు కట్టే మాలాంటి బ్యాండ్‌కు శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. మాట వినపడకపోతే మాత్రం పాటే లేదు. మొన్న శనివారం కార్యక్రమంలో వెనక వరసల దాకా ప్రతి మాటా అందింది. ఆ ఘనత రెండు రోజులు మాతో కూర్చుని ఒక్కో లోపాన్నీ పట్టి చూపించిన మీ అందరిదీ. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఎవరు ఏం నేర్పారో మాత్రం వివరంగా పెడుతున్నాం, ఇలాంటి పాటలు పాడే మరో నలుగురికి పనికొస్తుందని.

అన్నిటికన్నా పెద్ద మేలు డ్రమ్స్ అక్క చేసింది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, నవ్వు పుట్టించే మాట చాలాసార్లు ఆ క్రియే. రాక్ పాటలో డ్రమ్మర్ రోల్ (గడగడా వరస దెబ్బలు) తిప్పి క్రాష్ (పెద్ద కంచు తాళం) వేసేది కూడా సరిగ్గా పాదం ముగిసే చోటే. ‘మూడు కూతలేసి కుక్కరు మా మీద అలిగింది’ అన్న పాదమే చూడండి. ‘అలిగింది’లో ప, ట, క లాంటి గట్టి అక్షరం ఒక్కటీ లేదు. అదే ‘పేలింది’ అయితే మొదటి అక్షరం ఎంత మోతనైనా చీల్చుకుని బయటికొచ్చేది. క్రాష్ ఒకసారి కొడితే దాని మోత రెండు మూడు సెకన్లు నిలుస్తుంది, మెత్తని మాట అందులో మునిగిపోతుంది. మాట మార్చుకోమని అక్క చెప్పలేదు. పాదంలోని చివరి రెండు బీట్లు హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మూసి మెల్లగా వాయించమంది, రోల్ తీసేయమంది, తర్వాతి బార్ (నాలుగు బీట్ల ఆవర్తం) మొత్తం ఖాళీ వదిలి ఆ పైన క్రాష్ వేయమంది. నిమిషానికి 132 బీట్ల వేగంలో ఒక బార్ దాదాపు 1.8 సెకన్లు. జనం నవ్వడానికి అది చాలు. నవ్వు ఇంకా సాగితే బేస్ ఒక్కటే అదే బార్‌ను తిప్పుతూ ఉంటుంది, పాడేవాళ్లు తల ఊపాకే అందరూ కదలాలి. ఈ ఒక్క సవరణ మిక్సర్ మీద చేసిన అన్ని సవరణల పెట్టు.

రెండో కృతజ్ఞత టెలిఫోన్ పరీక్ష చెప్పిన బాబాయికి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో దే మైట్ బీ జెయింట్స్ అనే బ్యాండ్ ఉంది. జాన్ ఫ్లాన్స్‌బర్గ్, జాన్ లినెల్ అనే ఇద్దరు 1982లో మొదలుపెట్టారు. తొలి రోజుల్లో గిటార్, అకార్డియన్, డ్రమ్ మెషిన్, అంతే. వాళ్లు 1980లలో ‘డయల్ ఎ సాంగ్’ పెట్టారు. మామూలు ఆన్సరింగ్ మెషిన్‌లో తమ పాట ఎక్కించి ఆ నంబరును పత్రికలో ప్రకటించారు. ఫోన్ చేసినవాళ్లకు పాట వినిపించేది, ఒక్కసారికి ఒక్కరికే. పాత టెలిఫోన్ లైన్ ఇంచుమించు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపుతుంది. బేస్ సగం పోతుంది, తాళాల మెరుపు పోతుంది, మిగిలేది మాట. అంత ఇరుకు దారిలోనూ నిలిచిన పాట ఎక్కడైనా నిలుస్తుంది. అందుకే మా రిహార్సల్ రికార్డింగ్‌కు 300 దగ్గర హై పాస్ (అంతకన్నా కింది ధ్వనిని ఆపే ఫిల్టర్), 3,400 దగ్గర లో పాస్ (అంతకన్నా పైదాన్ని ఆపేది) పెట్టి ఒక్క చెవితో వినమన్నారు బాబాయి. అందులో కూడా మాట తెలియకపోతే స్పీకర్లను తిట్టి లాభం లేదు, పాట కట్టడంలోనే ఇరుకు ఉందని అర్థం. ఒక్క జాగ్రత్త: ‘స’ శబ్దం బలమంతా 4,000 పైనే ఉంటుంది కాబట్టి ఈ పరీక్షలో అది ‘ఫ’లా వినిపిస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

సౌండ్ అన్నకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. గొంతు మైకులకు 110 హెర్ట్జ్ దగ్గర హై పాస్ పెట్టాడు, గిటార్‌లో 2,500–3,000 మధ్య 3 డెసిబెల్స్ తగ్గించాడు. హల్లుల స్పష్టత ఉండేది అక్కడే, గిటార్ కరకర కూడా అక్కడే కూర్చుంటుంది. గొంతు పెరిగినప్పుడు శబ్దాన్ని అణిచే కంప్రెసర్ నిష్పత్తి 3:1, అది పనిలోకి దిగే సమయం (అటాక్) 15 మిల్లీసెకన్లు. అటాక్ మరీ వేగంగా పెడితే మాట మొదటి అక్షరమే అణిగిపోతుంది. మైక్ జాలీని గుప్పిట్లో మూసి పాడే అలవాటును అన్న ఖచ్చితంగా మాన్పించాడు. కార్డియాయిడ్ మైక్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేది) వెనకనుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించేది ఆ జాలీ వెనక ఉన్న సందుల వల్లే. వాటిని మూస్తే అన్ని వైపుల నుంచీ తీసుకుంటుంది, మానిటర్ (పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే స్పీకర్) శబ్దం మైక్ లోపలికి వెళ్లి కూత మొదలవుతుంది. మానిటర్‌ను మైక్‌కు సరిగ్గా వెనక పెట్టాలి. ఇంకా ఇరుకుగా తీసుకునే సూపర్ కార్డియాయిడ్ మైక్ అయితే నేరుగా వెనక కాదు, కాస్త పక్కకు.

కీబోర్డ్‌లో గుమ్మని వచ్చిన 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు మోత) డీఐ బాక్స్ (వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) మీది గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ తీగ గ్రౌండ్‌ను విడదీసే మీట) నొక్కగానే పోయింది. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీయకండి, అది ప్రాణాలు కాపాడే తీగ.

హార్మోనియం మాస్టారికి పాదాభివందనం. హార్మోనియం మధ్య స్థాయి, మనిషి గొంతు ఒకే చోట పోట్లాడుకుంటాయి. పద్యనాటకాల అనుభవంతో ఆయన చూపించిన దారి ఇది: పాదం నడుస్తున్నంతసేపూ కుడిచేత్తో ఒక స్థాయి పైన ఒక్క స్వరమే పట్టి ఉండాలి, పాదం ఆగాక నిండుగా వాయించాలి. మైక్ తిత్తి దగ్గర పెడితే గాలి చప్పుడు ఎక్కుతుందని, మెట్ల (కీల) వైపు అడుగు దూరంలో పెట్టించారు.

పాటలు అస్సలు తెలియని ఆ ముగ్గురు ఇంటర్ పిల్లలు హాలు చివర కూర్చుని వినపడింది వినపడినట్టు కాగితం మీద రాసిచ్చారు. ఖాళీలన్నీ పాదాల చివరే ఉన్నాయి. మేం ఎన్నిసార్లు విన్నా అది పట్టుకోలేం, మాటలు మాకు ముందే తెలుసు కాబట్టి చెవి తనంతట తనే పూరించేసుకుంటుంది. తమ్ముళ్లూ, చెల్లీ, ఆ కాగితాలు రిహార్సల్ గది గోడకు అంటించాం.

అన్నా, నీ డీఐ బాక్సులు రెండూ, 10 మీటర్ల మైక్ కేబుళ్లు నాలుగూ ఆదివారం తెచ్చిస్తాం. ఎర్ర టేపు చుట్టిన కేబుల్‌లో శబ్దం సగానికి పడిపోయి సన్నగా వస్తోంది. విప్పి చూస్తే 3వ పిన్ దగ్గర టంకం ఊడి ఉంది. అతికించి, మీటర్‌తో మూడు పిన్నులూ చూసి ఇస్తాం.