శీనుగాడికి, కొత్త ట్రక్కు కొన్న సందర్భంగా

ఒరేయ్ శీనూ,

ఫొటోలు చూశాను. బండి భలే ఉందిరా! 2002 ఫోర్డ్ ఎఫ్-250 పికప్పు, అందులోనూ 7.3 లీటర్ల డీజిల్ ఇంజను. ఆ ఇంజన్ని ఫోర్డ్ వాళ్ళు 2003తో పికప్పుల్లో ఆపేశారు, ఇప్పటికీ జనం వెతుక్కుని మరీ కొంటున్నారు. ఇంజను గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా దాని వెనకున్న గేర్‌బాక్స్ గురించే. క్యాంపర్ (ఇల్లులాంటి ట్రెయిలర్) తగిలించుకుని డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద కొండలెక్కుతానని రాశావు చూడు, దానికి గేర్‌బాక్స్ ఆయిల్ని చల్లబరిచే పెద్ద కూలర్ కావాలి, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర ఆ రోడ్డు 11,000 అడుగుల పైన ఉంటుంది. గాలి పలచబడే కొద్దీ ఏ రేడియేటరైనా, ఏ కూలరైనా లాగేసే వేడి తగ్గుతుంది. బరువు ఎక్కువ, ఎత్తు ఎక్కువ, గాలి తక్కువ: మూడూ ఒకేసారి మీద పడతాయి.

బెజవాడ ఆటోనగర్‌లో మీ బాబాయి షెడ్డుకి వచ్చే లారీలకి ఈ బాధ లేదు. వాటికి క్లచ్చు, చేత్తో వేసే గేర్లు. నీ బండిలో ఇంజనుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండేది టార్క్ కన్వర్టర్. దాని డొప్పలో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు, నిండా ఆయిలు. ఇంజను తిప్పే చక్రం ఆయిల్ని విసిరికొడుతుంది, ఆ ఆయిలు రెండో చక్రాన్ని తిప్పుతుంది. రెండూ సమానంగా తిరిగితే గొడవ లేదు. ఒకటి జోరుగా, ఒకటి నెమ్మదిగా తిరిగితే ఆ తేడా అంతా వేడే అవుతుంది. చదును రోడ్డు మీద లోపలున్న లాకప్ క్లచ్ రెంటినీ కలిపి పట్టేస్తుంది కాబట్టి చల్లగానే నడుస్తుంది. బరువుతో ఎత్తెక్కుతూ నువ్వు కాలు నొక్కగానే లాకప్ వదిలేస్తుంది. అక్కణ్ణుంచి నిమిషాల్లో ఆయిలు కాగిపోతుంది.

ఆయిలు 175 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే హాయి. 220 దాటితే కాలు తగ్గించాలి. 240 దాటిందంటే ఆయిలు పాడైపోయి లోపల వార్నిష్‌లా జిగురు కట్టడం మొదలవుతుంది. ఇంకా పైకి పోతే సీళ్ళు గట్టిపడతాయి, తర్వాత క్లచ్ ప్లేట్లు జారతాయి. ప్రతి 20 డిగ్రీలకీ ఆయిలు ఆయుష్షు సగానికి సగం పడిపోతుందని ఇక్కడి మెకానిక్కులు లెక్క చెప్తారు. లెక్క అటూ ఇటూ అయినా దారి మాత్రం అదే.

అందుకే కూలర్ కొనే ముందు వేడి కొలిచే ఏర్పాటు చెయ్యి. నీ డాష్‌బోర్డులో గేర్‌బాక్స్ వేడి చూపించే ముల్లు ఉంది కానీ దాని మీద అంకెలుండవు. ఆయిలు మామూలుగా ఉన్నా, బాగా వేడెక్కినా ఆ ముల్లు ఇంచుమించు మధ్యలోనే నిలబడి ఉంటుంది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్టు) పెట్టే చిన్న రీడర్ ఒకటి కొనుక్కో, ఫోన్లో డిగ్రీలు కనిపిస్తాయి. నేను డాలస్ నుంచి అమరిల్లో మీదుగా కొలరాడో వచ్చేటప్పుడు రాటన్ పాస్ ఎక్కాలి, అది 7,834 అడుగులు. పాత కూలర్‌తో అక్కడ 230 దాటింది. కూలర్ మార్చాక అదే ట్రెయిలర్‌తో, అదే ఎండలో 195 దగ్గర ఆగింది. ముల్లు మాత్రం రెండుసార్లూ ఒకేచోట ఉందిరా!

ఇక ఏ కూలర్ అంటావా. 7.3 బళ్ళవాళ్ళు ఎక్కువగా వేసుకునేది దాని తర్వాత వచ్చిన 6.0 లీటర్ల ఇంజను బండి కూలరే. 31 వరసలుంటుంది, ఫోర్డ్‌దే, నీ గ్రిల్ వెనకాల పట్టేస్తుంది, కాస్త బ్రాకెట్లు చేసుకోవాలి. బయట కంపెనీలవి కూడా మంచివే ఉన్నాయి. ఏది కొన్నా పలకలు పేర్చినట్టుండే రకమే కొను. ఒకే గొట్టం పాములా మెలికలు తిరిగి చుట్టూ రేకులుండే చవక రకం జోలికి పోకు. పలకల రకంలో ఆయిలు ఒకేసారి చాలా దారుల్లో పారుతుంది కాబట్టి అదే సైజులో ఎక్కువ వేడి లాగేస్తుంది, ఆయిల్ పారే దారికి అడ్డం కూడా తక్కువ.

నువ్వు అడిగిన ప్రశ్నకొస్తాను. రేడియేటర్ లోపలి కూలర్ తీసేసి, బయట పెద్దది ఒక్కటే పెట్టమని నీ పక్కింటాయన అన్నాడట కదా. ఆ మాటలో కొంత నిజం ఉంది. రేడియేటర్ లోపలి గొట్టం చిల్లుపడితే కూలెంటూ ఆయిలూ కలిసి గేర్‌బాక్స్ మొత్తం నాశనమవుతుంది. కానీ డెన్వర్ చలికాలం నీకు తెలుసు. సున్నా కింద చలిలో ఆయిల్ని పనిచేసే వేడికి తెచ్చేది ఆ రేడియేటరే. చిక్కటి చల్లటి ఆయిలు పెద్ద కూలర్లో పారక మొరాయిస్తుంది. నేనైతే రెండూ ఉంచమంటాను: ముందు రేడియేటర్, తర్వాత బయటి కూలర్, అక్కణ్ణుంచి గేర్‌బాక్స్‌కి. పాతికేళ్ళకి దగ్గరపడ్డ రేడియేటర్ కాబట్టి దాన్ని కూడా కొత్తది వేయించు. డబ్బు దగ్గర వెనకాడకు, గేర్‌బాక్స్ బాగు చేయించే ఖర్చులో అది చిన్న ముక్క.

ఏది వెళ్ళే పైపు, ఏది వచ్చే పైపు అన్నది ఊహించొద్దు. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి రెండు పైపుల మీదా చెయ్యి పెట్టు. ముందు వెచ్చబడేది గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే పైపు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఉక్కు పైపు కోసి రబ్బరు హోసు తొడిగే చోట. కోసిన పైపు చివర నున్నగా ఉంటుంది. దాని మీద హోసు తొడిగి క్లాంపు ఎంత బిగించినా, వేడికీ ఒత్తిడికీ మెల్లగా జారుతుంది. హైవే మీద అది ఊడిందంటే నిమిషంలో ఆయిలంతా రోడ్డు పాలు. ఫ్లేరింగ్ టూల్‌తో పైపు చివర చుట్టూ చిన్న ఉబ్బు తెప్పించు, గోరుతో తడిమితే తగిలేంత చాలు. హోసుని ఆ ఉబ్బు దాటించి లోపలికి తోసి, దాని వెనకాల క్లాంపు బిగించు. హోసు మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్‌కని రాసి ఉండాలి, పెట్రోలు హోసు పనికిరాదు. రేకు అంచుల మీదుగా పోయేచోట ఇంకో పాత హోసు ముక్క చీల్చి కప్పు, లేకపోతే అదురుకి కోసేస్తుంది.

పాత గేర్‌బాక్స్ ఎప్పుడైనా పాడై మార్చారేమో అమ్మినాయన్ని అడుగు. మార్చి ఉంటే పాత కూలర్లో ఇనప రజను చిక్కుకుని ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. అలాంటిదాన్ని ఉంచొద్దు.

ఆయిలు మెర్కాన్-5 పొయ్యి. పెద్ద కూలరూ, పొడుగు హోసులూ కొంత ఆయిల్ తాగుతాయి, కాబట్టి ఇంజను నడిపి, గేర్లన్నీ ఒకసారి మార్చి, మళ్ళీ పార్కులో పెట్టి, బండి బాగా వేడెక్కాక, ఇంజను ఆడుతుండగానే చదును నేల మీద డిప్‌స్టిక్ చూడు. ఎక్కువ పోస్తే నురగొచ్చి అదింకో తంటా. డిప్‌స్టిక్ ఆయిల్ని తెల్లటి టిష్యూ మీద చుక్క వేసి చూడు: ఎర్రగా ఉంటే సరే, గోధుమ రంగులో మాడు వాసనొస్తే కొత్త కూలర్ వేసే ముందే ఒక మంచి ట్రాన్స్‌మిషన్ షాపులో చూపించు.

కొండెక్కేటప్పుడు గేర్ కాడ చివరున్న మీట నొక్కి ఓవర్‌డ్రైవ్ (అంటే నాలుగో గేరు) ఆపెయ్యి. మూడో గేర్లో లాకప్ పట్టుకుని నెమ్మదిగా ఎక్కితే, నాలుగో గేర్లో లాకప్ వదిలేసి లాగినదానికంటే చాలా చల్లగా ఉంటుంది. వెనకాల ఎవడు హారన్ కొట్టినా పట్టించుకోకు, పక్క లేన్లో పోతాడు.

హోసు కొనే ముందు పైపుల సైజు కొలిచి, దగ్గర్నుంచి తీసిన ఫొటోలు పంపు, ఫిట్టింగులు ఏవి కావాలో చూసి చెప్తాను. పైపుల కోత మొదలుపెట్టే శనివారం ఏదో ముందే చెప్పు, ఫోన్ పట్టుకుని కూచుంటాను. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ,
రమణ